మొగుడికి చెప్పనక్కర్లేదట

ఆవిడంటే నాకు కుళ్ళు. ఈ ముక్క ముందే చెప్పేస్తే మీకూ హాయి, నాకూ హాయి. గల్ఫులో దోహా దగ్గర మెసయీద్‌లో, కంపెనీ కాలనీలో మా ఎదురిల్లు వాళ్ళది. అమెరికావాళ్ళు. ఆవిడ మొగుడూ మా ఆయనా ఒకే ఎరువుల ప్లాంటులో ఇంజనీర్లు. ఒకే డ్యూటీ, ఒకే క్యాంటీన్ టీ. అయినా వాళ్ళది పెద్ద విల్లా, మాది చిన్న విల్లా. గల్ఫులో చేసే పనిని చూసి ఇల్లివ్వరు, పాస్‌పోర్టు రంగు చూసి ఇస్తారు. వాళ్ళ వంటింట్లో గిన్నెలు తోమడానికి మిషనుండేది. మా వంటింట్లో నేనుండేదాన్ని.

సరే, ఇంటి విషయంలో సర్దుకున్నాను. కారు దగ్గరే నావల్ల కాలేదు. ఆవిడ తెల్లటి పెద్ద జీపు తనే నడుపుకుంటూ, ఎప్పుడు బుద్ధిపుడితే అప్పుడు దోహా వెళ్ళొచ్చేది. నేను కరివేపాకు కావాలన్నా శుక్రవారం దాకా ఆగాలి, ఆ శుక్రవారం మా ఆయనకి ఓపికుండాలి. ఆ జీపు మా గుమ్మం ముందు నుంచి వెళ్ళినప్పుడల్లా నా కళ్ళల్లో నిప్పులు పోసినట్టుండేది.

"నువ్వూ నేర్చుకోరాదూ!" అనేవారు మా ఆయన, బూట్లు విప్పుకుంటూ.

నేర్చుకోవాలంటే అభ్యంతరం లేదని కాయితం రాసివ్వాల్సింది ఆయనే. నా వీసా ఆయన మీద కదా మరి. ఆ కాయితం సంగతి ఎత్తితే, "షట్‌డౌన్ అవనీ, చూద్దాం" అనేవారు. ప్లాంటు ఆపి మరమ్మతులు చేసే రోజుల్ని షట్‌డౌన్ అంటారు. మా ఇంట్లో ఏది జరగాలన్నా ఆ షట్‌డౌన్ అయ్యాకే. ఒకటి అయ్యేసరికి ఇంకోటి తయారయ్యేది.

తొంభై రెండు వేసవిలో మాత్రం నాకూ ఒకటి దొరికింది. కాలనీ స్కూల్లో లెక్కలు చెప్పడానికి నన్ను తీసుకున్నారు. సెప్టెంబరులో మొదలు. వాల్తేరులో చదివిన ఎమ్మెస్సీ పట్టా పెళ్ళైన దగ్గర్నుంచీ సూట్‌కేసు అడుగున పాత చీరల కింద పడి ఉంది. చిన్నది కూడా బడికి వెళ్తోంది ఇప్పుడు. ఇద్దరాడపిల్లలూ బడికి, వాళ్ళతోపాటు నేనూ బడికి! ఎవరూ ఇంట్లో లేనప్పుడు ఫ్రిజ్ తలుపునే బోర్డు అనుకుని భిన్నాలు చెప్పుకునేదాన్ని. నవ్వకండి, ఎంత సంతోషంగా ఉండేదో మీకు తెలీదు.

అలాంటి రోజుల్లో ఓ మిట్టమధ్యాహ్నం ఆవిడ మా తలుపు కొట్టింది. బయట నిప్పుల కొలిమి, పైగా సముద్రపు ఉక్క. ఆవిడ కళ్ళు ఎర్రగా ఉన్నాయి, చేతిలో వాళ్ళ దేశపు వారపత్రిక. ఎవరో పోయారనుకుని గబగబా లోపల కూర్చోబెట్టి మజ్జిగిచ్చాను.

పోయింది ఎవరూ కాదు. వాళ్ళ సుప్రీంకోర్టు తీర్పిచ్చిందట. గర్భం తీయించుకునే విషయంలో ఒక రాష్ట్రంవాళ్ళు రకరకాల నిబంధనలు పెట్టారు. డాక్టరు చెప్పేదంతా విని, ఒక రోజు ఆగి ఆలోచించుకుని మళ్ళీ రావాలి. మైనరు పిల్లయితే తల్లో తండ్రో ఒప్పుకోవాలి. పెళ్ళైనదైతే ముందు మొగుడికి చెప్పాలి. అసలు హక్కు ఉందంటూనే, వీటిలో చాలావాటికి కోర్టు సరేనందట. ఆవిడ చెల్లెలు ఆ రాష్ట్రంలోనే ఏదో చిన్న ఊళ్ళో దుకాణంలో పనిచేస్తుంది.

"మా ఊళ్ళో అలాంటి ఆసుపత్రి లేదు. కొండలు దాటి పట్నం పోవాలి. ఒకసారి సెలవు దొరకడమే కష్టం, రెండోసారి వెళ్ళమంటే నా చెల్లెలు ఉద్యోగం వదులుకోవాలి. నాలాంటిదానికి ఏ తీర్పొచ్చినా ఫరవాలేదు. దాని గతేం కాను?" అని ముక్కు చీదింది. ఆవిడ మాటలు ఇంగ్లీషే. నాకు వినిపించినట్టు రాస్తున్నాను.

నేను పత్రిక తీసి చూశాను. దోహా సెన్సారువాళ్ళు పక్కపేజీలో సబ్బు ప్రకటనలో అమ్మాయి కాళ్ళకి నల్లసిరా దట్టంగా పులిమారు. కోర్టు వార్తని మాత్రం ముట్టుకోలేదు. కాళ్ళు ప్రమాదం, తీర్పు కాదు అనుకున్నారు కాబోలు! చదువుతుంటే ఒక చోట నా చూపు ఆగిపోయింది.

"మొగుడికి చెప్పనక్కర్లేదా?" అన్నాను.

"అక్కర్లేదు. ఆ ఒక్కటీ కొట్టేశారు."

"అంటే, పెళ్ళాం తనకి తానే..."

"తనకి తానే."

"మరి ఏడుస్తావేం, తల్లీ?" అన్నాను, ఈ ముక్క తెలుగులో.

చెల్లెలి బాధ నాకు అర్థం కాకపోలేదు. కానీ నా ఒళ్ళు మండిపోయింది. చేతిలో లడ్డూ పెట్టుకుని బూందీ రాలిందని ఏడ్చినట్టుంది ఆవిడ తీరు. నేను కరివేపాకు కోసం శుక్రవారం దాకా ఆగే మనిషిని. దేశంలో అందరికన్నా పెద్ద జడ్జీలు కూర్చుని, ఆడదాని ఒంటి సంగతి మొగుడికి చెప్పాలా అక్కర్లేదా అని తర్కించి, అక్కర్లేదని రాసి సంతకాలు పెట్టారట! ఆ మాట ఆ పూటంతా నాలో తిరుగుతూనే ఉంది. పప్పు మాడబెట్టాను.

చిత్రమేమిటంటే ఆ వారంలోనే నాకు అనుమానం వచ్చింది. నెల తప్పింది. జాగ్రత్తగానే ఉన్నాం, అయినా తప్పింది. కంపెనీ క్లినిక్‌కి వెళ్ళాను. అక్కడ నాకంటూ ఫైలు లేదు. మా ఆయన ఉద్యోగి నెంబరు, దాని పక్కన గీత, గీత పక్కన భార్య. అదీ నా పేరు. ఈజిప్టు డాక్టరు, పెద్దాయన, చాలా మర్యాదస్తుడు. పరీక్ష చేయించి, బయట కూర్చోమన్నాడు.

బెంచీ మీద కూర్చున్నాను. ఫలితం ఏమిటో నాకు లోపల తెలిసిపోయింది. ఎవరికీ చెప్పకుండా ఓ రెండ్రోజులు ఆలోచించుకోవాలి అనుకున్నాను. స్కూలు సంగతేమిటి, పిల్లల సంగతేమిటి, అసలు నాకు కావాలా, వద్దా. ఆ రెండ్రోజులూ నావి. నా ఒక్కదానికే తెలిసిన సంగతి అంటూ ఒకటి ఉండటం పెళ్ళయ్యాక అదే మొదటిసారి. భయం వేసింది గానీ, కాస్త దర్జాగా కూడా అనిపించింది.

అంతలో క్లినిక్‌లో పనిచేసే కరీంనగర్ ఆయన నవ్వుకుంటూ వచ్చాడు.

"ముబారక్ అక్కా! డాక్టర్ సాబు ప్లాంట్‌కు ఫోన్ చేసి సార్‌కు చెప్పిండు. సార్ మస్తు ఖుషీ అయిండట. మిఠాయి తెస్తుండట!"

నా దర్జా అంతటితో సరి. లోపలికి వెళ్ళి, నాకు చెప్పకుండా ఆయనకెందుకు చెప్పారని అడిగాను. డాక్టరుకి నా ప్రశ్నే అర్థం కాలేదు.

"మబ్రూక్, మదామ్! ఫైలు ఆయనది కదా. ఫైలు ఎవరిదైతే వాళ్ళకే చెప్తాం. ఇక్కడ అందరికీ అంతే" అన్నాడు ఎంతో ప్రేమగా.

నిజంగానే అందరికీ అంతేనట. కాలనీలో ఏ ఇంట్లో ఎవరు నీళ్ళోసుకున్నా మొదట తెలిసేది ప్లాంటు కంట్రోల్ రూముకి. వాళ్ళ దేశంలో అంతమంది జడ్జీలు తలలు బద్దలుకొట్టుకున్న సమస్యని మా దగ్గర ఒక టెలిఫోను తేల్చేసింది. ఇంటికి నడిచొస్తూ ఎదురింటి జీపుని చూశాను. దాని టైరు కోసేద్దామన్నంత కోపం వచ్చింది. ఆ జీపు నన్నేం చేసిందని!

నేను ఇల్లు చేరేసరికే మా ఆయన వచ్చేసి ఉన్నారు. డ్యూటీ మధ్యలో! చేతిలో క్యాంటీన్ గులాబ్‌జామూన్ల డబ్బా, మొహం చాటంత. పిల్లల నోళ్ళలో అప్పటికే పెట్టేశారు.

"పైసా ఖర్చు లేదోయ్, అంతా కంపెనీయే చూసుకుంటుంది" అన్నారు.

రాత్రి దాకా ఆగలేదు నేను. పిల్లలు పెరట్లోకి వెళ్ళగానే అనేశాను.

"నాకు వద్దనిపిస్తోందండీ."

ఆయన కోప్పడలేదు. కోప్పడితే బాగుండేది, నేనూ నాలుగు అనేదాన్ని. జామూను డబ్బా మూత పెట్టి, ప్లాంటులో రిపేరు గురించి చెప్పినట్టు నెమ్మదిగా చెప్పుకొచ్చారు.

"ఇక్కడ అలాంటివి మాఫీ, అసలు లేవు. మాటెత్తినా ప్రమాదమే. పోనీ ఇండియా వెళ్దామంటే పాస్‌పోర్టులు కంపెనీ దగ్గరున్నాయి, షట్‌డౌన్ అయ్యేదాకా నాకు లీవివ్వరు. పిల్లల్ని వేసుకుని నువ్వొక్కదానివీ వెళ్ళావే అనుకో, అక్కడ డాక్టరమ్మ మొదట అడిగేది మొగుడి సంతకం. చట్టమే అంత కదా. నేనిక్కడ, సంతకం అక్కడా. ఎలా చెప్పు?"

చట్టమే అంత అని నాకూ తెలుసు. మా అక్కకీ, మా పిన్నికీ, ఊళ్ళో ఎవరికి జరిగినా మొగుణ్ణి వెంటబెట్టుకు వెళ్ళడమే చూశాను. ఆయన చెప్పినవన్నీ నిజాలే. కానీ ఆయన ఒక్క మాట అంటారేమో అని అలా నిలబడే ఉన్నాను. ఎందుకు వద్దనిపిస్తోంది, నీకేం కావాలి, అని. కంపెనీ గురించి చెప్పారు, విమానాల గురించి చెప్పారు, డాక్టరు గురించి చెప్పారు. అది మాత్రం అడగలేదు. చెప్పడం అయ్యాక ప్లాంటుకి వెళ్ళిపోయారు, డ్యూటీ మిగిలుంది కదా.

తర్వాత వారం వరసగా వాంతులు. స్కూలు నడిపే ఇంగ్లీషు దొరసాని నన్ను పిలిచి, ఒళ్ళు చూసుకో, వచ్చే ఏడు చూద్దాం అంది. ఆవిడకి ఎవరు చెప్పారో నేనడగలేదు. కాలనీ మొత్తానికి తెలిసిన సంగతే.

రెండ్రోజులకి ఎదురింటావిడ మళ్ళీ మా గుమ్మంలో నిలబడింది.

"నీకు ఇస్తామన్న తరగతి నన్ను తీసుకోమంటున్నారు. నువ్వు సరేనంటేనే తీసుకుంటాను. నీకు కష్టంగా ఉంటే చెప్పు, వద్దనేస్తాను" అంది.

చూశారా! నా ఉద్యోగం తీసుకుంటూ కూడా నన్నడిగింది. ఆవిడకి అడగడం అలవాటు. కుర్చీలో కూర్చోవాలన్నా అడిగేది, మా పిల్లలకి బిస్కట్టివ్వాలన్నా అడిగేది. అడక్కుండా లాగేసుకుని ఉంటే చక్కగా తిట్టుకునేదాన్ని. ఆ అవకాశం కూడా లేకుండా చేసింది.

"తీసుకో, బంగారంలా తీసుకో" అన్నాను నవ్వుతూ. తలుపేసుకున్నాక, "నీ జిమ్మడిపోనూ, అన్నీ నీకే వస్తాయి" అన్నాను. ఆ ఏడాదంతా మా పెద్దది ఆవిడ దగ్గరే భిన్నాలు నేర్చుకుని ఇంటికొచ్చి నాకు చెప్పేది. "అలాక్కాదు, మా మేడం ఇలా చెప్పింది" అని నా చేతిలో పెన్సిలు లాక్కునేది. నేను నోరు మూసుకుని చపాతీలు ఒత్తుకునేదాన్ని.

నొప్పులు మొదలైన పూట మా ఆయన ప్లాంటులో ఉన్నారు. ఆంబులెన్సు రావడం ఆలస్యమయ్యేట్టుంటే ఆవిడే నన్ను జీపెక్కించింది. మెసయీద్ నుంచి దోహా దాకా ఇసక, కరెంటు స్తంభాలు, మధ్యమధ్య ట్యాంకర్లు. నేను నొప్పులకి అరుస్తూ, ఆ అరుపుల సందున స్టీరింగు మీద ఆవిడ చేతుల్నే చూశాను. అంత నొప్పిలోనూ కుళ్ళు! ఎంత తేలిగ్గా తిప్పుతోందో! అప్పుడే వాగేశాను, నాకు అప్పుడు వద్దనిపించింది, ఆలోచించుకోవడానికి రెండ్రోజులైనా లేకపోయాయి, నీ కోర్టు నీకుంది, నాకు టెలిఫోనుంది, అని. ఆవిడ ఒక చెయ్యి తీసి నా మోకాలి మీద వేసి, ఇంకో చేత్తో నడిపింది.

పుట్టింది మళ్ళీ ఆడపిల్లే. నల్లగా, ఉంగరాల జుట్టుతో, పుట్టీపుట్టగానే నా వేలు పట్టుకుని వదలనంది. ముగ్గురిలో నాకు బాగా అంటుకుపోయింది అదే. దానికి జ్వరమొస్తే నాకు ముద్ద దిగేది కాదు. అది నడక నేర్చాక ఇంట్లోకన్నా ఎదురింట్లోనే ఎక్కువుండేది, ఆ గిన్నెల మిషను చప్పుడు దానికి మహా ఇష్టం. దాని మొదటి మాట అమ్మ. రెండో మాట యల్లా, అరబ్బీలో పద పద అని.

స్కూల్లో వచ్చే ఏడు చూద్దామన్నవాళ్ళు ఆ పైఏడూ చూద్దామనే అన్నారు. తరగతి ఆవిడదైపోయింది.

పిల్లకి రెండేళ్ళు నిండాక క్లినిక్‌కి కొత్త డాక్టరమ్మ వచ్చింది. గుంటూరావిడ. సూది మందుకి తీసుకెళ్ళినప్పుడు మాటల్లో పెట్టి, మన దేశంలో గర్భం తీయించుకోవడానికి మొగుడి సంతకం తప్పదు కదా, చట్టమే కదా అన్నాను.

ఆవిడ సూది తుడుస్తూ నవ్వింది. "చట్టంలో ఆ మాట ఎక్కడా లేదండీ. మేజరైన ఆడమనిషి తన సంతకం తను పెట్టుకుంటే చాలు. డాక్టరు కుదురుతుందని ఒప్పుకోవాలి, అంతే. మొగుడి సంతకం మావాళ్ళు ముందుజాగ్రత్తకి తీసుకుంటారు. రేపెప్పుడో మొగుడొచ్చి ఆసుపత్రి మీద పడితే ఎవరు పడతారు? నేనూ తీసుకునేదాన్ని."

"ఆ చట్టం ఎప్పట్నుంచుంది?"

"మీరూ నేనూ లంగాలు కట్టుకుని బడికెళ్ళే రోజుల నుంచీ."

పిల్లని చంకనేసుకుని ఇంటికొచ్చి, చెప్పులు కూడా విప్పకుండా కూలబడ్డాను. ఇన్నేళ్ళూ పరాయి దేశపు కోర్టుని చూసి కుళ్ళుకున్నాను. అది నా దేశం నాకు ఎప్పుడో ఇచ్చేసిందట! ఇస్తే, మధ్యలో ఎవరో జేబులో వేసుకున్నారు. ఇక ఎవరిని చూసి కుళ్ళుకోను? సాయంత్రం మా ఆయనతో చెప్తే, "అలాగా! నాకు తెలీదే" అన్నారు. నిజంగానే ఆయనకి తెలీదు. ఇంజనీరూ ఎమ్మెస్సీ, ఇద్దరం కలిసి ఒక ఆసుపత్రి అలవాటుని చట్టమనుకున్నాం.

తొంభై అయిదులో ఎదురింటాయన కాంట్రాక్టు అయిపోయింది. ఆ వసంతంలోనే ఆవిడ మళ్ళీ పత్రిక పట్టుకుని వచ్చింది, మళ్ళీ ఎర్రటి కళ్ళతో. ఈసారి తుపాకులు. బడుల దగ్గర తుపాకి పట్టుకు తిరగడం నేరమని వాళ్ళ కేంద్రం చట్టం చేస్తే, అది కేంద్రం చెయ్యాల్సిన పని కాదు, రాష్ట్రాలు చూసుకోవాలి అని అదే కోర్టు కొట్టేసిందట.

"చెల్లెలి పిల్లల బడిలో లోపలేముందో పైకి కనపడే ప్లాస్టిక్ సంచీల్లోనే పుస్తకాలు తెమ్మంటున్నారు" అంది. "సెప్టెంబరుకి మావాడూ అలాంటి బడికే పోవాలి. పుట్టినరోజుకి మామగారు వాడికి తుపాకి కొని అలమారులో పెట్టి ఉంచారు, అక్కడ అది మామూలే. వద్దంటే నన్ను వింతగా చూస్తారు. ఇక్కడ వాడు సైకిలేసుకుని పోతే చీకటి పడేదాకా నేను వెతకను. నిన్ను చూస్తే కుళ్ళుగా ఉంది."

"నన్నా!" అన్నాను.

"నిన్నే."

సంతోషం కలగలేదంటే అబద్ధం. ఇన్నాళ్ళకి ఒక్కటి నా దగ్గరుంది, ఆవిడ దగ్గర లేదు. కానీ ఆ సంతోషం మజ్జిగ తాగేంతసేపు కూడా నిలవలేదు. వాళ్ళ కోర్టు ఏదన్నా అంటే అది తిన్నగా ఆవిడ వంటింట్లోకి, పిల్లాడి పుస్తకాల సంచీలోకి వచ్చేస్తుంది. మంచికైనా చెడుకైనా వస్తుంది, వాళ్ళు దాంతో పోట్లాడతారు. మా ఇంటికి వచ్చింది క్లినిక్ ఫోను, అంతే. వాళ్ళ ఆ పోట్లాటని చూసినా నాకు కుళ్ళే.

వాళ్ళు వెళ్ళే రోజు సామానంతా బండికెక్కించాక ఆవిడ మా ఇంటికొచ్చింది. మా ఆఖరిది వెళ్ళి ఆవిడ ఒళ్ళో కూర్చుంది. దాని ఉంగరాల జుట్టులో వేళ్ళు పెట్టి దువ్వుతూ అడిగింది.

"జీపులో చెప్పావు, గుర్తుందా? ఆ వేసవిలో ఎవరైనా నిన్ను అడిగి ఉంటే, ఏమనేదానివి?"

అన్నేళ్ళలో నన్ను ఆ మాట అడిగిన మొదటి మనిషి ఆవిడే. కట్టుకున్నాయన అడగలేదు, డాక్టరు అడగలేదు, కన్నవాళ్ళు అడగలేదు. చివరికి అది అడగడం కూడా ఆవిడకే చేతనైంది! నాకు ఏడుపూ కోపమూ కలిసి ముంచుకొచ్చాయి. పిల్లకి అవన్నీ అర్థమయ్యే వయసు ఇంకా రాలేదు. దాని మొహం చూస్తూనే జవాబు చెప్పాను. ఉన్నదున్నట్టు చెప్పాను. ఆవిడ తలూపి, పిల్లని నా చేతికిచ్చి, నన్నూ పిల్లనీ కలిపి గట్టిగా పట్టుకుంది. నేనేం చెప్పానో ఇక్కడ రాయను.

సాయంత్రం ఖాళీగా ఉన్న ఎదురింటి ముందు నుంచి నడుస్తున్నాం. పిల్ల వాళ్ళ నాన్న మెడ మీదెక్కి కూర్చుంది.

"ఏమంది వెళ్తూ వెళ్తూ?" అన్నారు మా ఆయన.

ఆవిడ అడిగిన ప్రశ్న చెప్పాను. ఆయన ఆగిపోయారు. పిల్ల పాదాలు రెండూ చేతుల్తో పట్టుకుని అలా నిలబడిపోయారు. ఆ మొహం చూస్తే, ఆ ప్రశ్న అడగొచ్చని ఆయనకి అప్పుడే తెలిసినట్టుంది.

"మరి నువ్వేం చెప్పావు?" అన్నారు చివరికి.

"చెప్పాల్సింది చెప్పాను."

"నాకు చెప్పవా?"

"చెప్పనక్కర్లేదట" అన్నాను.